వింటున్నా, పాడు

"పదహారేళ్లొచ్చాయి నాకు. స్నానాల గదికి గడియ లేని ఇల్లు మనదొక్కటే."

"లోపల ఫిట్స్ వచ్చి పడితే తలుపెవరు పగలగొడతారే? మీ నాన్నా? ఆయన సీసా మూతే తియ్యలేరు." తల్లి ఆవలిస్తూ స్టూలు ఈడ్చుకొచ్చి తలుపు పక్కన వేసుకుంది. "దగ్గరికి వేసుకో చాలు. పాట మాత్రం ఆపకు."

ఆ ఇంటి కట్టుబాటు అది. పిల్ల లోపల ఉన్నంతసేపూ పాడుతూనే ఉండాలి. పాట ఆగిందంటే తల్లి తలుపు తోసుకుని వచ్చేస్తుంది. ఒకసారి నోట్లోకి సబ్బు నురగ పోయి ఆపినందుకే వచ్చేసింది. అప్పుడు పిల్లకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడు సిగ్గు కూడా వేయడం లేదు. మాత్రలు ఫిట్స్‌ని సగమే తగ్గించాయి గాని, కోపాన్నీ ఏడుపునీ మాత్రం పూర్తిగా ఊడ్చిపెట్టాయి.

"లోపలికి ఫోనెందుకే?"

"చరణాలు మర్చిపోతున్నానమ్మా. చూసుకోడానికి."

"ఏం మర్చిపోతున్నావు? ఈ మధ్య ఒక్కచోటా తడబడట్లేదు."

ఎందుకు తడబడుతుంది? వారం కిందటే పాడి ఫోనులో దాచుకుంది. తలుపు దగ్గరికి వేసి, ఫోను కిటికీలో పెట్టి, పాట నొక్కింది. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. నీళ్లు పోసుకోవాలని కూడా లేదు. కంటికి రెప్పలా చూసుకుంటున్నారని చుట్టాలంతా మెచ్చుకుంటారు. రోజంతా ఆ రెప్పల కిందే ఉంటే ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. ఎవరూ చూడని కాసేపు ఇదొక్కటే. ఇంత మోసం చేస్తున్నా ఆమె గుండెలో చిన్న అదురైనా లేదు.

మధ్యమధ్యలో బయట నుంచి తల్లి గొంతు వినిపిస్తోంది. "ఊఁ, వింటున్నా. పాడు."

రెండో చరణంలో పాట టక్కున ఆగిపోయింది. ఫోనులో ఛార్జి అయిపోయింది.

పిల్ల చప్పున తలుపు వైపు చూసింది. ఇప్పుడు తలుపు తెరుచుకుంటుంది. పొడి జుట్టూ, బోర్లించిన బకెట్టూ కనపడతాయి. రేపటి నుంచి స్టూలు గదిలోపలికే వస్తుంది. ఈ కాసేపూ పోతుంది. పాట అందుకుందామంటే ఏ మాట దగ్గర ఆగిందో గుర్తు రాలేదు.

తలుపు తెరుచుకోలేదు.

"ఊఁ, వింటున్నా. పాడు," అంది బయటి గొంతు.

ఏం వింటోంది?

పిల్ల లేచి తలుపు లాగింది. స్టూలు మీద తల్లి లేదు. ఎదురుగా వంటగదిలో, గోడకి చేరగిలబడి, నోరు తెరుచుకుని, సన్నగా గురకపెడుతూ నిద్రపోతోంది.

స్టూలు మీద నాన్న పాత ఫోను ఉంది. "బాగా పాడుతున్నావు తల్లీ," అంది అది, అమ్మ గొంతుతో.