తలుపు దగ్గర మనిషి

ఆ పెద్దాయన వచ్చి తలుపు దగ్గర నిలబడగానే రేడియోలో గోలను చూపే మీటరు ముల్లు మళ్ళీ పైకి లేచింది.

"చూశావా? ఆయన వస్తే చాలు, గోల మొదలు!" అంది ఇంజనీరమ్మ.

వాళ్ళు తయారుచేస్తున్నది మాట్లాడుతూనే వినగలిగే రేడియో. మామూలు వాకీటాకీలో బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అవతలివాళ్ళ మాట వినపడదు. ఈ రేడియో మాత్రం తన కేక ఎలా ఉంటుందో తనే నేర్చుకుని, విన్నదాంట్లోంచి దాన్ని తీసేయాలి. అప్పుడే అవతలి సన్నని గొంతు తేలుతుంది. పొద్దుటి నుంచీ చక్కగానే తీసేస్తోంది.

"ఆయన జేబులో ఏదో ఉంది. పోటీ కంపెనీ మనిషే!"

"ఊరికే నిలబడి వింటాడు, పాపం," అన్నాడు తోటి ఇంజనీరు.

"ఈ రోజుల్లో ఊరికే ఎవరు నిలబడతారు?"

ఆమె విసురుగా బయటికి వెళ్ళింది.

"ఎవరండీ మీరు? ఏం కావాలి?"

"ఏం లేదమ్మా. రెండు గొంతులూ ఒకేసారి వినపడుతున్నాయా అని..."

ఆమె అనుమానం గట్టిపడింది. "ఆ సంగతి మీకెవరు చెప్పారు?"

పెద్దాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అదో పెద్ద కథ తల్లీ."

"కథలు బయట చెప్పుకోండి." వాచ్‌మన్‌ని పిలిచింది. "ఈయన జేబులు చూడు."

"డైరెక్టరుగారికి తెలిసినాయనేమోనమ్మా..."

"తెలిసినవాడైతే నాకు చెప్పేవారు. చూడు!"

కళ్ళజోడు, చేతిరుమాలు. అంతే.

"అయినా సరే, ఇక లోపలికి రానివ్వకు."

పెద్దాయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ముల్లు కిందికి దిగింది.

"నేను చెప్పలా?" అంది ఆమె.

కాసేపటికి డైరెక్టరు వచ్చి అదే తలుపు దగ్గర నిలబడ్డాడు.

ముల్లు పైకి లేచింది.

తోటి ఇంజనీరు మీటరు వంకా డైరెక్టరు వంకా చూశాడు.

"మన కేకే మనిషి ఒంటికి తగిలి వెనక్కి వస్తోంది," అన్నాడు తోటి ఇంజనీరు మెల్లగా. "మనిషి కదిలినప్పుడల్లా అది మారిపోతోంది. మన రేడియో అంత త్వరగా నేర్చుకోలేకపోతోంది. లోపం మనదే."

ఆమె ముఖం పాలిపోయింది.

"పెద్దాయన రాలేదా?" అడిగాడు డైరెక్టరు.

"పంపించేశాను సర్. ఎవరాయన?"

"ఈ రేడియో చేసిపెట్టమని నా చుట్టూ తిరిగింది ఆయనే. ఫైర్ సర్వీసులో చేసేవాడు. ఒక గోదాం తగలబడినప్పుడు, 'కప్పు కూలుతోంది, వచ్చేయ్' అని బయటి నుంచి రేడియోలో గొంతు చించుకున్నాడు. లోపలికి వెళ్ళిన తోటి ఉద్యోగేమో బటన్ వదలకుండా, 'ఇంకొకరున్నారు, తీసుకొస్తున్నా' అని చెబుతూనే ఉందట. ఆయన కేక చెవిన పడలేదు. కప్పు మీద పడింది."

ఆమె గేటు దాకా పరుగెత్తింది.

"బస్సెక్కేశాడమ్మా," అన్నాడు వాచ్‌మన్. "మీ పనికి అడ్డం వస్తున్నాడట, ఇక రాడట."

రొప్పుతూ తిరిగి వచ్చింది.

"లోపలున్నది ఎవరు సర్?"

డైరెక్టరు బల్ల మీది రేడియోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆయన కూతురు," అన్నాడు.