మామగారి కుడిజేబు

“బ్యాటరీ బాగుంది, పెట్రోలు వస్తోంది. ఇంకేం రోగం మామయ్యా మీ లారీకి?” అని బానెట్‌లో తల దూర్చిన మెకానిక్ కోడలు అడిగింది.

“వయసమ్మా. నాలాగే పొద్దున్నే లేవలేకపోతోంది,” అన్నారు పక్కనే నించున్న మామగారు. ఆయన ఒకప్పుడు సైన్యంలో డ్రైవరు. ఇందాకట్నుంచీ కుడిచెయ్యి జేబులోంచి తీయడంలేదు.

కోడలి షెడ్డుకి చోటు చాలడంలేదని ఈ పాత మిలటరీ లారీని అమ్మేద్దామన్నది ఆయనే. కొనడానికొచ్చినాయన గేటు దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. స్టార్టయితే తోలుకుపోతాడు.

ఆమె ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా మూత విప్పింది. మధ్యలో తిరగాల్సిన రోటరు లేదు.

“ఎలకలు ఎత్తుకుపోయుంటాయి,” అన్నారాయన ఆకాశంలోకి చూస్తూ.

“మూత విప్పి, రోటరు తీసుకుని, మళ్ళీ క్లిప్పులు బిగించి మరీ వెళ్ళాయా? పనిమంతులైన ఎలకలే. షెడ్డులో పెట్టుకుంటాను.”

ఆయన మీసం కింద నవ్వు దాచుకుని గొంతు తగ్గించారు. “యుద్ధంలో బండి దిగితే రోటరు జేబులో వేసుకునేవాళ్ళం. శత్రువు తోలుకుపోకుండా.”

“ఇప్పుడు శత్రువెవరు? నేనా?”

“ఛ! నువ్వడిగితే ఇచ్చేస్తాను తల్లీ,” అన్నారు. జేబులో పిడికిలి మాత్రం బిగిసింది.

ఆమె ఆ జేబు వంక ఒక్క క్షణం చూసింది. మూత బిగించి, గేటు వైపు కేకేసింది. “ఏమనుకోకండి! ఇందులో ఓ పార్టు పోయింది. ఇంకెక్కడా దొరకదు. బండి అమ్మట్లేదు!”

మామగారు అటెన్షన్‌లో నిలబడ్డారు. కోడలికి సెల్యూట్ కొడదామనుకున్నారు గానీ, చెయ్యి బయటికి తీస్తే గేటు దగ్గరాయనకి దొంగ దొరికిపోతాడని ఊరుకున్నారు.