ఎవరి మీద ఏడ్వాలె?

"హెబ్రీ బైబిల్ల 'నెహీ' అంటే పాట గట్టి ఏడ్చుడు. బిడ్డలకు నేర్పుమన్నడు యిర్మీయా ప్రవక్త. మీలో ఎవరికన్న వచ్చా?" ఇంద్రేశంలో ఇంటి ప్రార్థనకొచ్చిన కుర్ర పాస్టరు అడిగాడు.

ఏడో తరగతిలోనే బడి మానిన సువార్త, తననెక్కడ లేపుతాడోనని చంటిపిల్లతో అత్త వెనక నక్కింది.

అత్త రూతమ్మ కొంగు దోపింది. "నాకొస్తది. ఎవరి మీద ఏడ్వాలె?"

"పోనీ, నా మీదనే ఏడ్వుండ్రి."

"ఓ అయ్యగారో! కొత్త బండి గొంటివి..." రూతమ్మకు దగ్గు తెర అడ్డమొచ్చింది.

"...ఎనక కూసునే పిల్ల దొరకకపాయెనో!" అదే రాగంలో అందుకుని, సువార్త నాలుక్కరుచుకుంది.

అందరూ గొల్లుమన్నారు.

"ఎవరు నేర్పిండ్రమ్మా?" పాస్టరూ నవ్వాడు.

"ఎవ్వరు నేర్పలే సార్. అత్తమ్మ ఎంట సావులకు వోయిన, గంతే."

రూతమ్మ కోడలి వంక తేరిపార చూసింది. "గొంతు మంచిగున్నది. నేను వోయిననాడు ఇంకెవర్నీ పిలవకు, నువ్వే అందుకో."