ఉతికి ఆరేసిన ఉత్తరాలు

మెయిలు ప్రోగ్రాం చెడిపోయింది, వెంటనే రావాలని ఫోన్ చేస్తే, రిపేరు షాపు నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. భుజాన సంచి, కొప్పులో స్క్రూడ్రైవరు. పెద్దాయన గుమ్మంలోనే ఆమెను ఎగాదిగా చూసి, షాపులో మగవాళ్లెవరూ లేరా అని అడిగాడు.

"ఉన్నాడండీ, మా ఆయన. ఆయన పాడుచేసినవి బాగుచెయ్యడానికే నేనున్నాను," అంది రిపేరమ్మ, చెప్పులు విడుస్తూ.

పెద్దాయన ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ప్రెస్సు మానేశాక మనుషుల్ని దిద్దడం మొదలుపెట్టాడు. ఎవరి తప్పు కంటబడినా కంప్యూటరు ముందు కూర్చుని, ఒంటివేలితో టైపు కొట్టి, ఉతికి ఆరేసేవాడు. కొట్టడం వరకే ఆయన పని. పంపే బటన్ నొక్కే పని వాళ్లావిడది. కొట్టి లేచిపోయి భోజనానికి కూర్చునేవాడు. పంపిన ఉత్తరాన్ని మళ్లీ చూసుకోవడం ఆయన దృష్టిలో చేతకానివాడి లక్షణం. ఒక్క బటన్ నొక్కడానికి ఆవిడకు గంట పట్టేది. నత్తకూ నీకూ మేనరికం కలుస్తుందే అనేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఎనిమిది నెలల కిందట ఆవిడ పోయింది. నొక్కడం ఆయనే నేర్చుకున్నాడు. ఇంతోటి పనికా గంట అనుకున్నాడు.

ప్రోగ్రాం చెడింది అప్పటి నుంచే.

"తెరుచుకోవడం లేదా?" అంది రిపేరమ్మ.

తెరుచుకుంటోంది. పాస్‌వర్డు అడుగుతోందా? లేదు. మెయిళ్లు వెళ్లడం లేదా? వెళ్తున్నాయి. రావడం లేదా?

"అదే వచ్చిన చిక్కు. వస్తున్నాయి. తప్పుగా వస్తున్నాయి."

రిపేరమ్మ కుర్చీ తిప్పి ఆయన వైపు చూసింది. పెద్దాయన ఓపిగ్గా వివరించాడు. ఇదివరకు ప్రోగ్రాం సవ్యంగా ఉండేది. తిట్టు పంపితే దండం వచ్చేది. నీ కొత్త ఇల్లు అగ్గిపెట్టెరా, అగ్గిపుల్లకైనా ఊపిరాడదు అని బావమరిదికి రాస్తే, మీ మాట విని కిటికీ పెద్దది చేయించాం బావగారూ, ఎప్పుడొస్తారు అని జవాబు వచ్చింది. కుర్చీలు ఈడ్చే గాడిదా అని పైవాటా వాడికి రాస్తే, వాడు కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు వేసి, థాంక్స్ కూడా చెప్పాడు. జవాబులో మొదటి రెండు వరసలు చదివి లేచేవాడు పెద్దాయన. గెలిచినవాడికి మూడో వరస దేనికి?

ఇప్పుడో? అదే బావమరిది, నీ గుమ్మం తొక్కను పొమ్మన్నాడు. పైవాటా వాడు తొడుగులు పీకేశాడు. మొన్న అల్లుడికి, నీ కొడుక్కి నీ చెవులొచ్చాయట, బుద్ధయినా రాకుండా చూసుకో అని రాశాడు. సరదాకే. అల్లుడు జవాబివ్వలేదు. కూతురు ఇచ్చింది. ఆదివారం పిల్లాణ్ణి తీసుకురావడం లేదు నాన్నా, ఇక ఏమీ రాయొద్దు అని.

మనవణ్ణి ఆయన ఇంకా ఎత్తుకోనేలేదు. ఉయ్యాల మాత్రం కొని హాల్లో పెట్టాడు. దాని మీద ఇప్పుడు తువ్వాలు ఆరుతోంది.

"నేను రాసేది ఎప్పట్లాగే రాస్తున్నాను. జవాబులే మారాయి. లోపం ప్రోగ్రాంలో కాక నాలో ఉంటుందా?"

రిపేరమ్మ కుర్చీని మళ్లీ స్క్రీను వైపు తిప్పుకుంది. ఆమెకు ఇంకా ఫీజు రావాలి.

స్క్రీను మీద కూతురికి కొట్టిన ఉత్తరం ఒకటి సిద్ధంగా ఉంది. ఆదివారం రాకపోతే జన్మలో రావద్దు అని. ముందు ప్రోగ్రాం బాగుచేసి, ఆ తర్వాత దాన్ని నొక్కమన్నాడు. రిపేరమ్మ దాన్ని చదివి, మౌసును కాస్త దూరం జరిపింది.

పని మొదలుపెట్టింది. సర్వరు సెట్టింగులు చూసింది. తన ఫోనుకే ఒక మెయిలు పంపుకుంది. సంచిలో ఫోను మోగింది. ఫోను నుంచి జవాబిచ్చింది. అదీ వచ్చింది.

"వెళ్తోంది, వస్తోంది. దీనికి జబ్బేం లేదు బాబాయ్ గారూ. ఫోల్డర్లు బరువెక్కాయి, అంతే. కుదిస్తాను."

కుదిస్తూ ఎడమపక్క వరసలో అట్టడుగుకు పోయింది. అక్కడ తెలుగులో పేర్లున్న ఫోల్డర్లు రెండున్నాయి. ఒకటి 'నానబెట్టినవి'. రెండోది 'ఉతికినవి'. రెండింటి పక్కనా ఒకటే అంకె, రెండు వందల పన్నెండు.

"ఇవేంటండీ? చాకలి పద్దా?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. ఆ పేర్లు పెట్టింది ఆవిడే. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయన మొహం విప్పారింది.

"ఉతికినవంటే తెలీదూ? నేను ఉతికి ఆరేసినవి. అన్నీ దాచిపెట్టింది పిచ్చిది. ఎదురుగా ఒక్క మెచ్చుకోలు మాట అన్లేదు గానీ, నా సత్తా దానికి తెలుసు."

"మరి నానబెట్టినవి?"

"ఉతక్కముందువేమో. తెరువమ్మా, రెండూ తెరువు. ఎలా ఉతికానో నువ్వూ చూద్దువు గాని."

రిపేరమ్మ రెండూ పక్కపక్కన తెరిచింది. ఒకటి చదివింది, దాని పక్కది చదివింది. తర్వాత లేచి, కుర్చీ ఆయనకిచ్చింది.

నానబెట్టినవాటిలో ఆయన కొట్టిన ఉత్తరాలు రెండు వందల పన్నెండూ అక్షరం పొల్లుపోకుండా, ఎవరికీ పంపకుండా ఉన్నాయి. ఉతికినవాటిలో అవే తేదీలతో, అవే మనుషులకు, కింద ఆయన పేరుతో, ఆయన జన్మలో ఎన్నడూ రాయని రెండు వందల పన్నెండు ఉత్తరాలున్నాయి.