అరవని పిట్ట

నారుకని దాచిన మొలగొలుకుల వడ్ల మూట భుజానికెత్తుకుని రంగనాయకులు గడప దాటాడు. ఇంట్లో మిగిలింది అదొక్కటే. పేకాటకు ఏది తీసుకెళ్లినా కాళ్లకడ్డం పడి అరిచే పెళ్లాం కామాక్షమ్మ, ఇవాళ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

వాకిట్లో నిమ్మచెట్టు కిందికి ఎవరొచ్చినా గోల చేసే పిగిలిపిట్ట కూడా కొమ్మ మీద ఊరికే కూర్చుని ఉంది.

“ఇదేందే, పిట్ట అరవలా?”

“పొద్దున్నే దాని పిల్లల్ని పిల్లి తినేసింది.” కామాక్షమ్మ గొంతులో ఓపిక లేదు. “గూట్లో ఇంకేముందని అరిచేది?”

రంగనాయకులు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి మూటను ఆమె ముందు దించాడు.

“ఒక్కసారి తిట్టవే,” అన్నాడు.

కామాక్షమ్మ గుమ్మానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.