కప్పు కోయించిన కారు

శుక్రవారం సాయంత్రం ఐస్‌క్రీం కొట్టు ముందు పాత కార్లన్నీ వరసగా నిలబడ్డాయి.

జనం మాత్రం ఒక్క కారు చుట్టూనే మూగారు.

అది కర్టిస్ తెచ్చే నల్ల కారు. డెబ్భై ఎనిమిది నాటిది. దాని కప్పులో రెండు గాజు పలకలుంటాయి. గొళ్ళెం తిప్పి వాటిని ఊడదీసి డిక్కీలో పెట్టేస్తే తల మీద ఇక ఆకాశమే.

లైల్ కారూ నల్లదే. అదే ఏడాది, అదే ఇంజను. కప్పు మాత్రం గట్టి రేకు.

"రేకు కప్పుకి సాటి లేదు. వానకి కారదు, గతుకుల్లో కిరకిరలాడదు" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు లైల్. చెబుతూనే కర్టిస్ కారుని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాడు. అసూయకి వాదన ఎంత చెప్పినా తలకెక్కదు కదా.

ఆ సాయంత్రం లైల్ భార్య నోరీన్ ఆ కారెక్కి ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. జుట్టు రేగిపోయింది. మొహం వెలిగిపోతోంది.

"అబ్బ, ఎంత బాగుందో లైల్! నువ్వూ ఓసారి ఎక్కు."

"నాకు కారు లేదా?"

"ఎందుకు లేదూ, మూత పెట్టిన డబ్బా ఉందిగా!" అన్నాడు కర్టిస్.

అందరూ నవ్వారు. నోరీన్ కూడా నవ్వింది. ఆ ఒక్క నవ్వే లైల్‌కి గుచ్చుకుంది.

ఇంటికి రాగానే చెప్పేశాడు.

"మన కారు కప్పు కోయించేస్తున్నా. తుక్కు యార్డులో పలకల కప్పున్న బండి ఒకటుంది. దాని కప్పు కోసి మనదానికి అతికిస్తారు."

"నిక్షేపంలాంటి కారుకి కోతేమిటి? వానొస్తే గొడుగేసుకుని నడుపుతావా? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!"

"వాడి కారెక్కినప్పుడు గుర్తు రాలేదా వాన?"

నోరీన్ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

కప్పు కోసే కార్ల షెడ్డువాడు కూడా ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ఒకసారి కోశాక మళ్ళీ మొదటిలా కాదు. బాగా ఆలోచించుకుని బుధవారం తీసుకురా."

శనివారం పొద్దున్న లైల్ గరాజ్‌లో ఉండగా ఒక ముసలాయన వచ్చాడు. సన్నటి మనిషి, గడ్డి టోపీ. లైల్‌కి ఎక్కడా చూసిన గుర్తు లేదు.

ఆయన టోపీ తీసి పలకరించి, కారు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. తలుపు తెరిచి, మూసి, ఆ చప్పుడు విన్నాడు. కప్పు మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు.

"దీనికెక్కడా కోత పడలేదు కదా బాబూ?"

"ఇంకా లేదు. బుధవారం పడుతుంది. పలకలు పెట్టిస్తున్నా."

ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

"వద్దు బాబూ, ఆ పని మాత్రం చెయ్యకు. నేనొక మాట చెబుతా, విను."

"కారు అమ్మను పెద్దాయనా."

"కొనడానికి రాలేదు. కర్టిస్ నీ కారు గురించి చెబితేనూ..."

ఆ పేరు వినగానే లైల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఓహో! వాడు పంపాడా మిమ్మల్ని?"

"పంపడం కాదు, నేనే వస్తానన్నాను. పూర్తిగా వింటే నీకే..."

"విన్నాను లెండి. వాడేమో గాలికి తిరగాలి, నేను రేకు కింద ఉడకాలి. అంతేగా? నా కప్పు నా ఇష్టమని చెప్పండి వాడితో!"

"తొందరపడకు బాబూ. సోమవారం దాకా ఆగు. కోపం తగ్గాక మళ్ళీ వస్తాను."

"మళ్ళీ వస్తే కుక్కని వదులుతా."

ముసలాయన కప్పు వంక ఇంకోసారి చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం దాకా ఆగమన్నాడన్న ఉక్రోషంతోనే లైల్ ఆ మధ్యాహ్నమే కారుని షెడ్డుకి తోలాడు. బతిమాలి, బామాలి అప్పుడే రంపం పెట్టించాడు. రేకు ఊడి కిందపడుతుంటే అతని కడుపు చల్లబడింది.

మూడు వారాలకి కారు చేతికొచ్చింది. డ్రైవరు వైపు తలుపు భుజంతో నెడితే గానీ పడడం లేదు. మొదటి వానకే నోరీన్ ఒళ్ళోకి ధార కారింది. అయినా లైల్‌కి లెక్క లేదు. శుక్రవారం పలకలు రెండూ ఊడదీసి, మహారాజులా ఐస్‌క్రీం కొట్టు ముందు దిగాడు.

కర్టిస్ డొక్కు పికప్‌లో వచ్చాడు.

"ఏమోయ్, నీ కారేదీ?" లైల్ మొహంలో నవ్వు దాగలేదు.

"పక్క ఊరు వెళ్ళిపోయింది. రేకు కప్పు కారొకటి ఇచ్చి పట్టుకెళ్ళారు."

"దాన్నిచ్చి రేకు కప్పు తీసుకున్నావా? నీకేమైనా పిచ్చా?"

"అది నాదైతే కదా! నేను నడిపేవాణ్ణంతే. దాని సొంతదారుకి చర్మం జబ్బు. ఎండ తగలకూడదన్నాడు డాక్టరు."

"అయితే నన్నడగొచ్చుగా! ఎగిరి గంతేసి మార్చుకునేవాణ్ణి!"

కర్టిస్ లైల్ కారు కప్పు కేసి చూశాడు.

"అడగడానికే కదా లైల్, 'ప్రతి శుక్రవారం నా కారుని అతనంత ప్రేమగా చూసేవాడు ఇంకొకడు లేడురా, అది అతని చేతికే వెళ్ళాలి' అని, తాళాలు జేబులో వేసుకుని మా మామయ్య ఆ శనివారం మీ గరాజ్‌కి వచ్చింది!"