రేణుక జడ

చచ్చిపోయినవాళ్ల రూపాన్ని కళ్ల లెన్సుల్లో లేయర్‌గా, ఎదుటి దృశ్యం మీద ఒక పొరలా, పెట్టుకుని తిరగడం మామూలైపోయిన కాలమది. జ్వరంతో పోయిన కూతురు రేణుకను ఓబులమ్మ కూడా అలాగే పెట్టించుకుంది. ఇవాళ ఆ పిల్లను మళ్లీ, ఆ లేయర్లు సరిచేసే మస్తాన్ అంగడికి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఏమక్కా, మొన్న సరిచేసినాక గూడా పిల్ల నీడ సరిగ్గా పడలేదా?"

"నీడ బాగానే పడతాంది నాయనా. జడ ఎయ్యబోతే నా యేళ్లు దాని జుట్టు ఎనక్కి పోతాండాయి."

"పిల్ల లేయర్ నీ చేతుల పైనుంది గదక్కా, కిందికి దించుతా."

దించాడు. ఇప్పుడు వేళ్లు జుట్టు పైనే తేలుతున్నాయి, ఒక్క పాయ కూడా దాటడం లేదు.

"జడంటే యేళ్లు పైకీ పోవాల, కిందికీ పోవాల గదప్పా!"

రెండింటినీ కలిపే మోడ్‌లన్నీ మార్చి చూశాడు మస్తాన్. ఒకదాంట్లో వేళ్లు నల్లబడ్డాయి. ఇంకోదాంట్లో పిల్ల పొగలా తెల్లబారిపోయింది.

"పైనన్నా ఉండాల, కిందన్నా ఉండాలక్కా. రెండూ కుదరవు."

ఓబులమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"అట్లయితే జుట్టు కత్తిరించెయ్యి నాయనా. పొద్దున్నే తల ఇరబోసుకోని నా ముందర కూచుంటాది. చూడలేకుండా ఉండాను."

మస్తాన్ తెర మీది కత్తెర గుర్తు మీద వేలు పెట్టబోతే ఆ చెయ్యి పట్టుకుంది.

"రోంత ఉండు. దాని మొగం గోడ పక్కకు తిప్పు. జుట్టంటే దానికి పానం."